రాక్షసి ముందు సోమేశు

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే నాగవేణి పాతకాలపు సాహసాల ఆట నడిపిస్తోంది. కథ ఆమె చెబుతుంది; అందులోని వీరులు ఏం చేయాలో ఆడేవాళ్లే తేల్చుకోవాలి. చెవిలోని సలహాయంత్రం చెబితే తప్ప జనం చొక్కా కూడా తొడుక్కోని రోజులవి. అందుకే ఆటకు కూర్చున్నవాళ్ల చేత యంత్రాలు తీయించింది. ఇవాళైనా ఒక్కరు సొంతంగా నిర్ణయించకపోతే ఆట మానేస్తానంది.

“రాక్షసి లేచింది. కొట్టండి, దాక్కోండి, పారిపోండి, మీ ఇష్టం!”

“ఏది మంచిదంటావొదినా?” అన్నాడు మరిది సోమేశు.

“నన్నడుగుతావేంటయ్యా? అది మింగేది నిన్ను కదా!”

“ఓటేద్దామా?” అంది పక్కింటి పైడితల్లి.

“ఉన్నది ఇద్దరు, మీకు ఓటేంటే, నీ మొహం! అదిగో, నోరు తెరిచింది.”

సోమేశు దిగ్గున లేచాడు. ఎక్కడికని అడగబోయిన పైడితల్లి నోరు నాగవేణి చప్పున మూసింది.

“అడక్కే! సొంతంగా చేస్తున్నాడు,” అంది సంబరంగా.

సోమేశు చెప్పులేసుకుని, నిజంగానే ఇల్లు దాటి పారిపోయాడు.