మగ హార్మోను

"రిపోర్టుల ఏదన్న తేడా ఉన్నదంటె, గిటునుంచి గిటే సుల్తానాబాద్ బస్సెక్కుతవు. మీ తల్లిగారింట్లనే ఉండు ఇగ."

ఐలవ్వ మాట ఆస్పత్రి వరండా అంతా వినబడింది. కోడలు నవత తల వంచుకుంది. పెళ్లయి మూడేళ్లు, కడుపు పండలేదు. కొడుకు మల్లేష్ దుబాయిలో ఉండి రెండేళ్లకోసారి వస్తాడన్న సంగతి ఐలవ్వ లెక్కలోకి ఎన్నడూ రాలేదు.

లోపలికి ఒక్కరినే రమ్మన్నారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, నవత గడ్డం కింద మొలిచిన వెంట్రుకలు చూసింది.

"నెలనెలా రాదు కదా?"

"రెండు మూడు నెలలకోసారి వస్తది, మేడం."

"పీసీఓఎస్ అమ్మా. ఒంట్లో మగ హార్మోను ఎక్కువుంది. నెలసరి తప్పడం, ఈ వెంట్రుకలు, అన్నీ దానివల్లే. చాలామందికి ఉంటుంది, భయపడకు. ముందు గోలీలతో దాన్ని తగ్గిద్దాం, మీ ఆయన వచ్చే ముందు ఇవి ఆపేసి పిల్లల సంగతి చూద్దాం." చీటీ ఇస్తూ గొంతు తగ్గించింది. "కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం వీటిని ముట్టకూడదు. గుర్తుంచుకో."

నవత బయటికొచ్చింది. తలుపు సందున చెవి పెట్టిన ఐలవ్వకు సగమే వినబడింది. ఆ సగమే ఆమెకు చాలు.

"మగదే ఎక్కువున్నదట గద?"

"ఔ, అత్తమ్మా."

"నీ కడుపు సల్లగుండ! అంటె నీకు మగపోరలే పుడ్తరు. నా బిడ్డ సృజన ఒంట్ల ఆడదే ఎక్కువుండొచ్చు, అందుకే ఇద్దరు ఆడపిల్లలైరి."

కాదని చెప్పడానికి నవత నోరు తెరిచింది. సుల్తానాబాద్ బస్సు గుర్తొచ్చి మూసుకుంది. తనేం అబద్ధం చెప్పలేదు కదా, ఊరుకుంది, అంతే.

మందులు కొన్నారు. బస్టాండులో ఐలవ్వ జిలేబి తినిపించింది. కొడుక్కి ఫోన్ చేసి, వేములవాడ రాజన్నకు కోడె మొక్కిన అని చెప్పింది. బస్సెక్కాక సీటును తన కొంగుతో తుడిచి మరీ కోడలిని కూర్చోబెట్టింది. నవత చెయ్యి అలవాటుగా గడ్డం మీదికి పోతే పట్టుకుని ఆపింది.

"గా వెంట్రుకలు పీకకు బిడ్డా. ఉండనీ, మంచియే."

ఈ ఇంట్లో తనని బిడ్డా అనడం నవత వినడం ఇదే మొదలు. ఏడుపొచ్చినంత పనయింది.

బస్సు కదిలింది. ఐలవ్వ మందుల సంచి విప్పి చూసింది.

"మరి గీ గోలీలెందుకు?"

తగ్గించడానికి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటంటే గోలీలు కిటికీలోంచి బయటికి పోతాయి, వాటి వెనకాల తనూ పోతుంది.

"మగది ఇంకా పెరిగెటందుకు, అత్తమ్మా."

"గట్లనా!" ఐలవ్వ గోలీల అట్టల్ని సరిగ్గా సగం చేసి, ఒక సగం తన రొంటిన దోపుకుంది. "గివి మన సృజనకిస్త. ఎవ్వలకు చెప్పకు, దానికి మూడో నెల నడుస్తున్నది."