ఎడమ టబ్బు

"మొగోనితోటి నత్తల నీళ్లు పారబోయిస్తవా? ఇన్నొద్దులు నువ్వే ఎత్తుకుంటివి గద," అంది లక్ష్మీనర్సమ్మ కోడలు సౌందర్యతో.

"నడుం నొస్తున్నది అత్తమ్మా."

"తిన్నది అరగక."

వెనక వరండాలో తల్లి మాట విననట్టే శ్రీశైలం టబ్బు వంచి నీళ్లు పారబోస్తున్నాడు.

సౌందర్య జనగామలో కాలేజీ లెక్చరర్. నర్మెట్ట చెరువులో ఏరిన నత్తల మీద పరిశోధన చేస్తోంది. కుడి టబ్బులోవి ఆరోగ్యంగా ఉన్నవి. ఎడమ టబ్బు నత్తల కడుపులో కంటికి కనపడని పురుగులున్నాయి. నత్త తిన్నదాన్నీ, ఒంట్లో దాచుకున్న చక్కెరనీ అవే లాగేసుకుంటాయి. నత్త ఇంకా ఇంకా తింటుంది, ఒళ్లు చేస్తుంది, గుడ్లు మాత్రం పెట్టదు. మామ యాకయ్య అడిగితే ఒకనాడు ఇదంతా విడమరిచి చెప్పింది. అత్త పక్కనే కూచుని విన్నది.

అప్పటి నుంచీ ఆ ఇంట్లో సౌందర్య పేరు ఎడమ టబ్బు.

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూచున్నారు. సౌందర్య రెండోసారి అన్నం అడిగింది.

"కల్యాణీ, ఎడమ టబ్బుకు ఇంకింత పెట్టు," అంది లక్ష్మీనర్సమ్మ. ఏడో నెలతో పుట్టింటికొచ్చిన కూతురు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. శ్రీశైలం తల దించుకున్నాడు.

జనగామ నుంచి వస్తూ సౌందర్య తెచ్చిన మిఠాయి డబ్బా బల్ల మీద అట్లాగే ఉంది. లక్ష్మీనర్సమ్మ దాన్ని వేలితో పక్కకు నెట్టింది.

"శ్రీమంతానికి తెచ్చినవా? పెండ్లయి ఆరేండ్లాయె, ఒక్క కాన్పు లేదు. నీ చేతిది నా బిడ్డ నోట్లె పడొద్దు. శుక్రవారం ముత్తైదువలు గాజులు తొడిగేటప్పుడు నువ్వు ఎదురుంగ ఉండకు. గురువారమే భూపాలపల్లి మీ అమ్మగారింటికి పో. అంతా అయినంక రా."

సౌందర్య మొగుడి వైపు చూసింది.

"వాన్నేం చూస్తవు? వాడు గూడ సరేనన్నడు."

"రెండు దినాలే గద," అన్నాడు శ్రీశైలం, కంచంలోకి చూస్తూ. "అమ్మతోటి లొల్లి ఎందుకు?"

సౌందర్య మెతుకు వదలకుండా తిని చెయ్యి కడుక్కుంది. లోపలికి పోయి బట్టలు సర్దుకుని బ్యాగుతో వచ్చింది. అందరూ ఇంకా అక్కడే ఉన్నారు.

"గురువారం దాక ఎందుకు? ఇప్పుడే పోతున్న," అంది మెల్లగా. "మల్ల రాను. టబ్బులను రేపు కాలేజీ నుంచొచ్చి తీస్కపోతరు."

"నత్తల కంపన్న పోతది," అంది అత్త.

సౌందర్య బల్ల మీది మిఠాయి డబ్బా తీసి బ్యాగులో పెట్టుకుంది.

"అదెందుకు బిడ్డా? శ్రీమంతానికని తెస్తివి," అన్నాడు యాకయ్య, మనసొప్పక.

"శ్రీమంతానికి కాదు మామా," అంది సౌందర్య, చెప్పులేసుకుంటూ. "నాకు మూడో నెల."