నవ్వని తోడేలు

అడవికి పెద్ద ఏనుగు. ఎండాకాలంలో చెరువు నీళ్లు ముందు తానే తాగి, కలబెట్టిన బురద మిగతావాళ్లకి వదిలేసేది. సాయంత్రాలు పలుకమ్మ అనే గోరింక దాని నడకనీ ఘీంకారాన్నీ అనుకరిస్తుంటే, దాహంతో ఉన్న జంతువులన్నీ కడుపుబ్బ నవ్వుకునేవి.

ఒకరోజు పలుకమ్మ, "ఈ మహానుభావుణ్ణి ఏ గోతిలోనో తోసేస్తే పీడ విరగడవుతుంది!" అంది. విన్నవాళ్లకి ఎప్పుడూ లేనంత నవ్వొచ్చింది. పలుకమ్మ పొంగిపోయి, రోజూ అదే మాట అనసాగింది.

ఒక సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, ఏనాడూ నవ్వని తోడేలు దగ్గరికొచ్చింది.

"చెరువు దారిలో మా గుంపంతా కలిసి గొయ్యి తవ్వి ఆకులు కప్పాం. నువ్వే చెప్పావుగా, మమ్మల్నెవరూ తప్పుపట్టరు," అంది.

"నేను నవ్వించడానికన్నాను!"

"మాకలా వినపడలేదు."

పలుకమ్మ రివ్వున ఎగిరి, చెరువుకి బయల్దేరిన ఏనుగు ముందు వాలి సంగతంతా చెప్పింది. ఆ మాట మొదట తన నోటివెంటే వచ్చిందని కూడా దాచలేదు.

ఏనుగు ముందుకెత్తిన కాలు వెనక్కి తీసుకుంది. "నేనంటే నీకు గిట్టదు కదా. ఎందుకు కాపాడావు?"

"ఇప్పటికీ గిట్టదు. చెరువు అందరిదీ అని రేపు నీ మొహం మీదే ఎగతాళి చేస్తాను. అది వినడానికి నువ్వుండాలి," అంది పలుకమ్మ.