మంచు మీద పరిచిన బట్టలు

విమానం మోత వినగానే పరస్కోవియా అలవాటుగా శాపనార్థాలు మొదలుపెట్టింది.

"వాడి చేతులు పడిపోను! నా కొడుకుని పొట్టన పెట్టుకున్నాడు!"

విని విని ఊరికి విసుగొచ్చిన తిట్లే. కొన్నేళ్ల కిందట ఇదే మంచు రన్‌వే మీద చిన్న విమానం బోర్లాపడి ఆమె కొడుకు పోయాడు. నడిపినవాడు బతికాడు. వాడి మొహం కూడా ఆమె చూడలేదు.

ఈరోజు తిట్టే ఓపికా లేదు. రన్‌వే పక్కన, మంచు మీద లాగే స్లెడ్డు బండి మీద కూతురు మార్తా నొప్పులతో మెలికలు తిరుగుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. ఆస్పత్రికి గాల్లోంచి తప్ప దారి లేదు.

విమానం బాగా కిందికొచ్చింది. దిగకుండా మళ్లీ పైకి లేచింది.

"ఏమొచ్చింది ఈ పైలట్‌కి?"

రేడియో పట్టుకున్న అల్లుడు నిక్ నీరసంగా అన్నాడు.

"నేలా ఆకాశం ఒకటే తెలుపట అత్తా. నేల ఎంత కిందుందో తెలియట్లేదట. మనం రన్‌వే అంచున గుర్తుగా పెట్టిన నల్ల సంచుల్ని మంచు కప్పేసింది. ఇంకొక్కసారి చూసి వెళ్లిపోతాడట."

"అయితే ఇదీ దక్కదు నాకు," అంటూ ఆమె మంచులో కూలబడింది.

పక్కన పెట్టె మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. నిన్న దిగాడు, ఇదే విమానంలో తిరిగెళ్లాలి. ఊరికొచ్చినవాడికి పేరడక్కుండా తిండి పెట్టడం ఆ ఊరి పద్ధతి. ఆమె ఇంట్లోనే టీ తాగాడు, ఎండు చేప తిన్నాడు. నోరు మాత్రం విప్పలేదు.

ఆయన లేచి పెట్టె తెరిచాడు. ముదురు రంగు చొక్కాలు, ప్యాంట్లు, కంబళి రన్‌వే అంచున వరసగా పరిచి, ఎగిరిపోకుండా మూలల మీద మాత్రం మంచు గడ్డలు పెట్టాడు. చాలక ఒంటి మీది నల్ల కోటూ విప్పాడు.

"పిచ్చా తాతా? చలికి చస్తావ్!" నిక్ అరిచాడు.

ఆ నల్లటి వరస ఆనవాలుగా విమానం దిగింది. కాస్త జారింది, పక్కకి తిరిగింది, ఆగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మార్తాని పడుకోబెట్టాక ఒక్క సీటే మిగిలింది. అది ముసలాయనది.

"ఆ అమ్మాయి తల్లిని ఎక్కించండి," అన్నాడు వణుకుతూ.

విమానం పైకి లేచాక పరస్కోవియా కళ్లు తుడుచుకుంది.

"మహానుభావుడు బాబూ! చేతులెత్తి దణ్ణం పెట్టాలి. నీకు తెలుసా ఆయన?"

"నిన్న నా పక్క సీట్లోనే వచ్చాడమ్మా," అన్నాడు పైలట్ ఎవన్. "మీతో మాట్లాడాలనే వచ్చాడు. ధైర్యం చాల్లేదు కాబోలు."

"నాతోనా? ఏం మాట్లాడాలట?"

ఎవన్ కింద మంచు మీది బట్టల వైపు చూశాడు.

"ఆరోజు మీ అబ్బాయి ఎక్కిన విమానం నడిపింది ఆయనే."