కంటతడి పెట్టించిన నవల

"అంటే చదవకుండానే వచ్చారన్నమాట," అన్నాడు పుస్తక క్లబ్బు అధ్యక్షుడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఎదుట నిలబడ్డవాడు ఎవరైనా ఆయన కంటికి హోంవర్కు ఎగ్గొట్టినవాడే.

దర్జీ తల వంచుకున్నాడు. "పదహారు పేజీలు చదివానండీ. ఆ తర్వాత..."

"ఆ తర్వాత నిద్రొచ్చింది," అందుకున్నాడు అతని బావ. బావమరిదిని నలుగురిలో ఆటపట్టించే అవకాశాన్ని ఆయన ఏనాడూ చేజార్చుకోలేదు.

కరీబియన్ దీవుల్లో పుట్టి పరాయి దేశాల్లో స్థిరపడ్డ రచయితల్నే ఈ ఏడాదంతా చదవాలని క్లబ్బు తీర్మానం. లైబ్రరీ తెప్పించిన ఒకే ఒక్క కొత్త ప్రతి అధ్యక్షుడి నుంచి పళ్ళ డాక్టరుకీ, ఆయన నుంచి బావకీ చేరి, ఆఖర్న దర్జీ చేతికొచ్చింది. పుస్తకం పూర్తిచెయ్యని సభ్యుడి పేరు కొట్టెయ్యాలన్నది నిబంధన. వారమంతా మిషను ముందు నడుం విరిగేలా కూర్చునే దర్జీకి, ఈ గదిలోని ఆదివారం కుర్చీ అంటే ప్రాణం.

"చివరి అధ్యాయంలో నాకు కంటతడి ఆగలేదు," అన్నాడు అధ్యక్షుడు. "నలభై ఏళ్ల తర్వాత ఆ కథానాయిక తన దీవిలో అడుగు పెడుతుంది చూడండీ..."

"ఎక్కడ పెట్టిందండీ?" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఆ మంచు దేశంలోనే పోయింది కదా. నేను రెండుసార్లు చదివాను."

అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పోయింది మనిషి. తిరిగొచ్చింది మనసు. ప్రవాస సాహిత్యాన్ని అలా అర్థం చేసుకోవాలి."

"అందుకే కదా, పడవ కూడా మునిగింది," అన్నాడు బావ.

ఏ పడవో అధ్యక్షుడికీ, డాక్టరుకీ అంతుపట్టలేదు. అయినా గంభీరంగా తలలూపారు.

"నేను చెప్పేదేమిటంటే, ఆ పుస్తకం..." అన్నాడు దర్జీ.

"లాగూ కుట్టినంత సులువనుకున్నావా బావమరిదీ?" అని బావ పకపకా నవ్వాడు.

అధ్యక్షుడు రిజిస్టరు తెరిచి పెన్ను మూత తీశాడు. దర్జీకి ఏడుపొక్కటే తక్కువ.

"పేరు కొట్టేసే ముందు ఆయన్ని ఒక్క మాట చెప్పనివ్వండి," అన్నాడు పళ్ళ డాక్టరు జాలిపడి.

దర్జీ సంచిలోంచి నవల తీసి, పదిహేడో పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెట్టాడు. చొక్కా జేబులోంచి చిన్న కత్తెర తీసి దాని పక్కన పెట్టాడు.

"ప్రెస్సులో కాగితాల మడతలు కొయ్యడం మర్చిపోయినట్టున్నారండీ, ఇక్కణ్ణుంచి ఆఖరి దాకా పేజీలన్నీ అంచుల దగ్గర కలిసే ఉన్నాయి. లైబ్రరీ సొత్తు కదా, అడక్కుండా కత్తెర పెట్టలేక ఆగాను. మీ ముగ్గురూ సరేనంటే ఇప్పుడు కోస్తాను."