‘ఘ’ నచ్చలేదు

“‘ఘ’ నచ్చలేదండీ.”

శివపార్వతి ప్రూఫు కాగితాన్ని టేబుల్ మీద పెట్టింది. లక్ష్మీకాంత్ కళ్లజోడు సర్దుకుని చూశాడు. నిన్న ‘ఖ’ నచ్చలేదు. మొన్న ‘క్ష’కి వంక పెట్టింది. అంతకుముందు ‘థ’ పొట్టలో చుక్క కనపడటం లేదంది.

పటమటలో లక్ష్మీకాంత్ డీటీపీ సెంటరు తెలియని పుస్తకాలవాళ్లు లేరు. పేజీలు కూర్చే ప్రోగ్రామును ఆయన కుర్రతనంలో సొంతంగా రాసుకున్నాడు. ఊరంతా కొత్త సాఫ్ట్‌వేర్లకు మారిపోయినా ఆయన మారలేదు. అది పేజీని తీర్చిదిద్దినట్టు కూరుస్తుంది, కాదనలేం. కాకపోతే అక్షరాలను చుక్కల రూపంలో ఇస్తేనే తీసుకుంటుంది. ఇంకోలా ఇస్తే మొరాయిస్తుంది. మొండితనంలో అచ్చం యజమాని పోలికే.

శివపార్వతి పామర్రు నుంచి బస్సులో వస్తోంది. పచ్చళ్ల మీద పుస్తకం రాసింది. మొదటి రోజు ఆవిడ గుమ్మంలో కనపడగానే లక్ష్మీకాంత్ కుర్చీలోంచి సగం లేచి ఏదో అనబోయాడు.

“పుస్తకం పని మీద వచ్చానండీ. కస్టమర్ని,” అంది.

ఆయన మళ్లీ కూర్చున్నాడు. ఆపరేటర్ పాల్ మానిటర్ వెనక తల దాచుకున్నాడు.

లక్ష్మీకాంత్‌కి కస్టమరంటే దేవుడితో సమానం. ఎంత విసిగించినా నవ్వు చెరగనివ్వడు. ఆ నవ్వు షట్టరు దించేదాకానే. ఆ తర్వాత ఎవరేం చెప్పబోయినా సగంలోనే “తెలుసులే” అనేస్తాడు.

ఆవిడ ఏరుకొచ్చిన ఫాంటు అవుట్‌లైన్ ఫాంటు. అక్షరం అంచుల్ని గీతలుగా గుర్తుపెట్టుకునే రకం. ఎంత పెంచినా, ఎంత తగ్గించినా చెక్కుచెదరదు. దాన్ని ఈయన ప్రోగ్రాము కోసం బిట్‌మ్యాప్‌గా మార్చాలి. అంటే అక్షరాన్ని సన్నటి గళ్ల మీద పరిచి, సగానికి పైగా నిండిన గడిని నల్లచుక్కగా చెయ్యాలి, మిగతావి తెల్లగా వదిలెయ్యాలి. కంప్యూటరు ఆ పని చిటికెలో చేసేస్తుంది. చిన్న సైజు దగ్గరే చిక్కంతా. మెలికల మధ్య ఉన్న కాస్త సందూ పూడిపోతుంది.

“ఘాటు అనే మాట నా పుస్తకంలో పేజీకోసారి వస్తుందండీ. మీ ‘ఘ’ చూడండి, తాలింపులో మాడిపోయిన ఆవగింజలా ఉంది.”

“అది రెజొల్యూషన్ సమస్యండీ. చెప్పినా మీకు అర్థం కాదు.”

“కస్టమర్లందరితో ఇలాగే మాట్లాడతారా?”

పాల్‌కి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

లక్ష్మీకాంత్ గొంతు తగ్గించాడు. “ఇప్పటిదాకా ఎవరూ ఇలా అనలేదండీ. అందరూ బాగానే ఉందన్నారు.”

“అందరి సంగతీ నాకెందుకండీ? నాకు నచ్చలేదంటున్నాను. ఇవాళ కూడా నా మాట వినపడకపోతే పామర్రు బస్సెక్కేస్తాను. ఇక రాను.”

ఆవిడ కేకలేమీ వెయ్యలేదు. మామూలుగానే అంది. లక్ష్మీకాంత్‌కి అందుకే భయమేసింది. రానంటే రాదు. ఆ చుక్కల ప్రోగ్రామును భరిస్తూ, ఆయన్ని భరిస్తూ, ఇన్నిసార్లు గుమ్మమెక్కే మనిషి ఈ రోజుల్లో ఇంకెవరు దొరుకుతారు?

ఆయన లేచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తన పక్కన వేశాడు.

“కూర్చోండి. ఎక్కడ నచ్చలేదో వేలు పెట్టి చూపించండి.”

తెర నిండా ‘ఘ’ పరుచుకుంది. అన్నీ నల్లచుక్కలే. శివపార్వతి ముందుకు వంగింది.

“ఇక్కడ ఊపిరాడటం లేదండీ దీనికి. ఈ సందు తెరవండి.”

“అలా తెరిస్తే...” అని ఆగిపోయాడు. మౌస్ నొక్కాడు. ఒక చుక్క తెల్లబడింది.

“ఇంకొంచెం.”

ఇంకో చుక్క.

“అయ్యో, అది కాదండీ. దాని పక్కది.”

నల్లది తెల్లగా, తెల్లది నల్లగా మారుస్తూ కూర్చున్నారు. మధ్యలో ఫోన్ మోగింది. లక్ష్మీకాంత్ అదెవరో కూడా చూడకుండా సైలెంట్‌లో పెట్టేశాడు. పాల్ ఆశ్చర్యంతో కీబోర్డు మీద చెయ్యి ఆపేశాడు. ఆ ఫోన్ మోగితే ఎంత ముఖ్యమైన మాటనైనా తుంచేసి ఎత్తే మనిషి మరి.

‘ఘ’ మెలికలు విడివిడిగా తేలాయి. నిజంగానే బాగుంది. ఆ సంగతి ఒప్పుకోవడానికి లక్ష్మీకాంత్‌కి కొంచెం టైము పట్టింది.

“బాగుందండీ,” అన్నాడు చివరికి. “ఇంకా ఏమేం నచ్చలేదు? అన్నీ చెప్పండి. నేను మధ్యలో మాట్లాడను.”

శివపార్వతి ఆయన మొహంలోకి చూసింది. వెటకారమేమీ కనపడలేదు. కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

మొదలుపెట్టాక ఇక ఆగలేదు. ‘ఝ’ గురించి చెప్పింది. ‘ణ’ గురించి చెప్పింది. అక్షరాలైపోయాక కంప్యూటర్ల మీద దుమ్ము గురించి, భోజనం వేళ దాటిపోయినా టీలతో సరిపెట్టుకోవడం గురించి కూడా చెప్పింది. లక్ష్మీకాంత్ ఒక్కసారి కూడా “తెలుసులే” అనలేదు. తలూపుతూ విన్నాడు.

కొత్త ప్రూఫు వచ్చింది. ఆవిడ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో చదివింది. ఆయన నుంచుని ఎదురుచూశాడు.

“ఇప్పుడు బాగుందండీ. ప్రింటుకి పంపెయ్యండి.”

లక్ష్మీకాంత్ హమ్మయ్య అనుకుంటూ కూలబడ్డాడు. శివపార్వతి వరండాలోకి వచ్చి పామర్రుకి ఫోన్ కలిపింది.

“అమ్మా, నా బట్టలన్నీ సర్ది తమ్ముడితో పంపించెయ్యి, మా ఆయనకి నా మాట వినపడుతోంది.”