నీలం లైటు

ఉమామహేశ్వరమ్మను చంపింది ఇస్మాయిల్ ఇచ్చిన దొంగనోట్లు. ఆళ్లగడ్డలో ఉలి పట్టిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. తెలియనట్టు కూర్చున్నది ఇస్మాయిల్ ఒక్కడే.

అహోబిలం రోడ్డు మలుపులో డాలర్లు మార్చే కొట్టు అతనిది. ఫ్యాను కింద టీ తాగుతుంటే ఓబులాచారి లోపలికి వచ్చాడు. పెళ్ళాం ఉమామహేశ్వరమ్మ పోయినప్పటి నుంచి కట్టుకుంటున్న తెల్లపంచె, చేతిలో రాయి కొట్టే సుత్తి. వెనకే శిల్పాల షెడ్డు నుంచి రాజశేఖర్, ఇంకొందరు పనివాళ్ళు వచ్చి వాకిలికి అడ్డంగా నిలబడ్డారు. కొట్టులోకి వెలుతురు రావడం ఆగిపోయింది.

"రా, ఓబులన్నా," ఇస్మాయిల్ లేచాడు. "వదిన సంగతి తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఖైరున్నీసా ఏడుస్తానే ఉంది."

"వదినంట." ఓబులాచారి నోట్ల కట్ట బల్ల మీద విసిరాడు. "నీ దుడ్లు నువ్వు తీసుకో. ఆమెను నాకియ్యి."

"ఏందన్నా ఇది?"

"నరసింహస్వామి బొమ్మ కొన్న తెల్లోడి డాలర్లు నీకాడ మార్చినా గదా. వాటికి నువ్విచ్చిన నోట్లు. నంద్యాల ఆసుపత్రిలో కడితే లైటు కింద పెట్టి చూసి దొంగవని మొహాన కొట్టిరి. వేరే దుడ్ల కోసం ఊరంతా తిరిగొచ్చేసరికి వరండాలో బల్ల మీదనే పాణం పోయింది. లోపలికి గూడా తీసుకోలే."

ఇస్మాయిల్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. "నా చేత్తో దొంగనోటు యాడన్నా పోయిందా అన్నా? ప్రతి నోటూ లైటు కింద చూసే ఇస్తా."

"మళ్ళా చూడు."

సొరుగులోంచి చిన్న టార్చి తీశాడు ఇస్మాయిల్. తన గల్లాపెట్టెలోని నోటు ఒకటి పరిచి నీలం లైటు వేశాడు. "ఇది మంచిది. చచ్చిన కాగితం మాదిరి ఉంటాది, చూడండప్పా. దొంగదైతే తెల్లగా మెరుస్తాది."

తర్వాత ఓబులాచారి తెచ్చిన నోటు మీద వేశాడు.

నోటు వెన్నెల్లో సున్నపు గోడలా మెరిసింది. ఇంకొకటి తీశాడు. అదీ మెరిసింది. కట్టంతా మెరిసింది.

"నీ లైటే చెప్తాంది గదరా," అన్నాడు రాజశేఖర్ వాకిట్లోంచి. "ఇంక సాక్ష్యం ఎవర్ని పిలుద్దాం? మీ మామనా?"

ఇస్మాయిల్ బల్ల మీదికి వంగాడు. నోటు అటూ ఇటూ తిప్పాడు. గోటితో గీరాడు.

"నావి కాదన్నా ఇవి. ఆ పొద్దు నువ్వు బొమ్మకు నూనె మసి రుద్దుతా, అదే చేత్తో వచ్చి తీసుకున్యావ్. గాంధీ తాతను గూడా నల్లగా చేసినావే అని నవ్వితి గూడా. ఆ మసి యాడ పోయింది?"

"మసి నోట్లు ఇస్తే ఆసుపత్రోళ్ళు మొహం చిట్లిస్తారని ఉతికినా. ఆమె కడుపు పట్టుకొని మూలుగుతాంటే, అవి ఆరేదాకా ఉండి ఆ తర్వాతనే బస్సెక్కినాము. మసి పోతాది. దొంగతనం పోతాదా?"

"ఉతికినావా? దేంతో?"

"సబ్బుపొడితో. ఏం, నీకు గూడా ఉతకల్లనా?"

వాకిట్లో వాళ్ళు నవ్వారు. ఇస్మాయిల్ నవ్వలేదు. నోటు వంక చూశాడు. తల ఎత్తి ఓబులాచారి నడుము కింద చూశాడు. బల్ల చుట్టూ గబగబా వచ్చి, టార్చితోనే అతని కాళ్ళ దగ్గర వంగాడు.

"అన్నా, ఒక్క నిమిషం. నీ పంచె..."

"ఇప్పుడు కాళ్ళు పట్టుకుంటాండావా?"

ఇస్మాయిల్ ఎడమ చెయ్యి బల్ల అంచు మీద ఉంది. సుత్తి దాని మీదే పడింది. నరసింహుడి గోళ్ళు చెక్కిన చెయ్యి అది, గురి తప్పదు. ఇస్మాయిల్ అరుపు మలుపు అవతలి బస్టాండు దాకా వినిపించింది. టార్చి బల్ల కిందికి దొర్లింది. ఆ తర్వాత వాకిట్లోవాళ్ళు లోపలికి వచ్చి చేయాల్సినదంతా చేశారు.

పోలీసు జీపు వచ్చి ఇస్మాయిల్‌ని ఎత్తుకుపోయింది. మెరిసే నోట్ల కట్టను కూడా తీసుకుపోయింది. రాజశేఖర్ వాళ్ళు టీకి వెళ్ళారు. ఓబులాచారి ఒక్కడే విరిగిన కుర్చీ పక్కన, గల్లాపెట్టెలోంచి చిమ్మిన నోట్ల మధ్య కూర్చున్నాడు. సాయంత్రం వెలుతురు కొట్టులోకి అందడం లేదు.

ఇస్మాయిల్ భార్య ఖైరున్నీసా గడప దగ్గరికి వచ్చింది. లోపలికి అడుగు పెట్టలేదు.

"ఆయప్పను జీపులో ఏసేటప్పుడు నోట్లో నుంచి నెత్తురు కారతాంది. ఒకటే మాట అంటాండె అన్నా. పంచె చూసుకోమను, ఓబులన్నను పంచె చూసుకోమను అని. ఏందన్నా అది?"

ఓబులాచారి తల వంచి చూశాడు.

బల్ల కింద పడిన టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ నీలం లైటులో ఇస్మాయిల్ నోట్లు నేల మీద చచ్చిన కాగితాల్లా పడి ఉన్నాయి. నోట్లు ఉతికిన సబ్బుపొడితోనే ఇవాళ పొద్దున ఉతుక్కున్న పంచె మాత్రం వెన్నెల్లో సున్నపు గోడలా మెరుస్తోంది.

అతను సుత్తితో టార్చిని నలగ్గొట్టాడు. పంచె మామూలు పంచె అయిపోయింది.

"ఏం లేదు," అన్నాడు. "ఇంకెప్పుడూ నాకాడ ఆ మాట ఎత్తొద్దు."